వాగ్గేయకారుని ఎదుట

మాటను తానే అల్లి, దానికి వరుసను తానే కట్టి పాడువానిని మన లక్షణకారులు వాగ్గేయకారుడనిరి. ఆ మాట వినగానే తెలుగువారికి అన్నమాచార్యులు, క్షేత్రయ్య, త్యాగరాజస్వామి మనస్సున మెదలుదురు. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకులు కాపాడినవి. త్యాగయ్యగారి కృతులను శిష్యులు వ్రాసి, పాడి, తమ శిష్యులకు నేర్పి నిలిపిరి. ఐనను ఆ మహనీయుల గొంతు ఎట్టిదో మనకు తెలియదు. తిరువయ్యారు వీథులలో ఉంఛవృత్తికి వెడలినపుడు త్యాగయ్యగారి వెంట ఎవరెవరు నడచిరో, అరుగులమీద కూర్చున్నవారు ఏ పాటకు లేచి నిలిచిరో, ఎవరు వినక తమ పని తాము చూచుకొనిరో చెప్పగల సాధనము లేదు. రచన మనకు దక్కినది. రచయిత తన శ్రోతల ఎదుట నిలిచిన ఘడియ దక్కలేదు.

ఆ ఘడియ కొంతవరకైనను దక్కిన వాగ్గేయకార సంప్రదాయ మొకటి అమెరికా దేశమున కలదు. పల్లెటి జానపదగీతములు, నల్లజాతివారి బ్లూస్ పాటలు, చర్చి పాటలు, కంట్రీ అనబడు గ్రామీణ సంగీతము, వీని కలయికవలన పుట్టిన ఈ పాటకు నేడు ‘అమెరికానా’ అని పేరు. పేరు మాత్రము ఇటీవలిది. 1995లో ఒక రేడియో వ్యాపారపత్రిక ఈ పేరుతో పాటల పట్టికను ప్రకటించినది. 1999లో దీనికొక సంఘమేర్పడినది. 2010లో గ్రామీ బహుమానములలో దీనికి వేరుగా ఒక తరగతి కల్పింపబడినది. పాట పాతది. ఒక గిటారో, బాంజోయో చేతబట్టి, తాను కట్టిన పాటను తానే పాడుట దీని ప్రధాన లక్షణము. గ్రామఫోను యంత్రము పుట్టిన పిదప వచ్చినవారగుటచే వీరి గొంతులు నిలిచినవి. సభలలోనే ముద్రించిన పళ్లెములు పెక్కు వెలువడుటచే ఎదుట కూర్చున్నవారి దగ్గు, నవ్వు, మౌనము సయితము కొన్నిట నిలిచినవి.

ఈ సంప్రదాయ చరిత్రను సాధారణముగా పాడినవారి చరిత్రగా వ్రాయుదురు. నాకు మాత్రము వినినవారి చరిత్రయే మిక్కిలి ఆసక్తికరముగా తోచినది. అందు కొన్ని ఘట్టములను మన సంఘసభ్యులతో ముచ్చటింపదలచితిని.

ఓక్లహోమా రాష్ట్రమున 1912లో జన్మించిన వుడీ గథ్రీతో మొదలిడవలెను. 1930 తరువాత ఆ ప్రాంతమున వానలు లేక, దున్నిన నేల దుమ్మై లేచి, వేలకొలది రైతు కుటుంబములు కాలిఫోర్నియాకు వలసపోయినవి. గథ్రీయు ఆ త్రోవనే పోయి, 1937లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒక రేడియో కేంద్రములో పాడుచుండెను. ఒకనాడు అతడు నల్లజాతివారిని కించపరచు మాట గల పాట నొకదానిని, ఆ మాటను ఆ మాటగానే ఉచ్చరించి, పాడెను. ఆ కాలమున అది తెల్లవారిలో సర్వసాధారణము. ఆ పాట వినిన నల్లజాతి యువకు డొకడు తన నొప్పిని తెలుపుచు ఉత్తరము వ్రాసెను. గథ్రీ ఆ ఉత్తరమును దాచలేదు. రేడియోలో చదివెను, క్షమాపణ చెప్పుకొనెను, ఆ మాటను విడిచిపెట్టెను. పీడితుల పక్షమున నిలిచిన కవిగా తరువాత లోక మెరిగిన గథ్రీకి అట్లొక శ్రోత గురువయ్యెను.

మన పాఠకులలో అధికసంఖ్యాకులు కేంద్ర ప్రభుత్వోద్యోగులు కనుక గథ్రీని గూర్చి మరియొక ముచ్చట చెప్పక పోజాలను. అతడును ఒక నెల కేంద్ర ప్రభుత్వోద్యోగియే! కొలంబియా నదిపై కట్టిన ఆనకట్టల విద్యుత్తును ప్రజలకు పంచు బాన్నెవిల్ విద్యుచ్ఛక్తి సంస్థవారు 1941 మే నెలలో అతనిని తాత్కాలికముగా నియమించిరి. జీతము 266 డాలర్ల 66 సెంట్లు. ఆ నెల దినములలో అతడు 26 పాటలు కట్టెను. రోజునకు ఇంచుమించు ఒక పాట! ఏ కార్యాలయమునను ఏ గుమాస్తాయు ఇంతటి ఫలితమును చూపియుండడు. 1980 తరువాత ఆ సంస్థలోని ఉద్యోగి యొకరు పాత కాగితములను, పళ్లెములను వెదకి ఆ పాటలను కూర్పగా, 1987లో అవి పళ్లెముగా వెలువడినవి. ఆ పాటలలో నది పొంగును, దీపములు వెలుగును, బంజరు పండును. కాని గ్రాండ్ కూలీ ఆనకట్ట నీటిలో కెటిల్ జలపాతము మునిగిపోవుచుండగా, అచట తరతరములుగా సాల్మన్ చేపలు పట్టుకొని బ్రతికిన ఆదిమజాతులవారు 1940 జూనులో కూడి దానికి కన్నీటితో వీడ్కోలు పలికిన సంగతి, వానిలో ప్రసిద్ధికెక్కిన పాటలు వేనియందును కానరాదు. అది ఏడాది క్రిందటి మాట. రేడియో కేంద్రమునకు ఉత్తరము వ్రాసిన యువకునివంటి శ్రోత ఈమారు అతనికి తటస్థపడలేదు.

ఇక వినికిడి వృత్తిగా గల ఒక ఇంటి కథ. ఇది అమెరికా రాజధాని వాషింగ్టను నగరమున జరిగినది. చార్లెస్ సీగర్ సంగీతశాస్త్రవేత్త. 1935 ప్రాంతమున కేంద్ర ప్రభుత్వపు కొలువునకై రాజధాని చేరినవాడు. అతని భార్య రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వయముగా సంగీతరచయిత్రి. పల్లెలలో ముద్రించి తెచ్చిన జానపదగీతముల పళ్లెములను తిప్పి తిప్పి వినుచు, ప్రతి వంపును, ప్రతి విరుపును స్వరలిపిలోనికి దించుట ఆమె చేసిన మహాకార్యములలో నొకటి. ఒక్కొక్క పాటకై పదులసార్లు వినెడిదట. అట్టి ఇల్లది.

ఆ దినములలో ఎలిజబెత్ కాటెన్ అను నల్లజాతి స్త్రీ వాషింగ్టనులో నొక పెద్ద దుకాణమున పనిచేయుచుండెను. ఆ దుకాణమునకు వచ్చిన సీగర్‌గారి చిన్నపిల్ల పెగ్గీ జనములో తప్పిపోగా, కాటెన్ ఆ పిల్లను వెదకి తల్లికి అప్పగించెను. ఆ పరిచయమువలన ఆమెకు సీగర్ ఇంట పని దొరకినది. వంట చేసెడిది, బట్టలు ఇస్త్రీ చేసెడిది. పిల్లలు ఆమెను ‘లిబ్బా’ అని పిలిచెడివారు. ఇట్లు కొన్నేండ్లు గడచినవి.

ఒకనాడు పెగ్గీ ఇంటిలోనికి వచ్చుసరికి, గోడకు వ్రేలాడవలసిన గిటారు లిబ్బా ఒడిలో నుండెను. ఆమె ఎడమచేతివాటము మనిషి. తీగెలను మార్చుకొనక, వాద్యమునే తలక్రిందులుగా పట్టి, మంద్రపు తీగెలను వ్రేళ్లతోను, పైతీగెలను బొటనవ్రేలితోను మీటుచుండెను. లోకమంతయు చేయుదానికిది తిరుగబడిన పద్ధతి. ఆమెకు నేర్పినవారెవరును లేరు. ఉత్తర కరోలినాలో పసితనమున, ఇండ్లలో పనిచేసి నెలకు 75 సెంట్లు సంపాదించుచు, ఆ డబ్బు కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొని, తనకు చేతనైనట్లు నేర్చుకొనినది. పదునొకండు, పండ్రెండేండ్ల వయస్సున ఇంటిప్రక్కన పోవు సరకుల రైలును గూర్చి ఒక పాట కట్టినది. అదియే ‘ఫ్రైట్ ట్రైన్’. పిదప చర్చివారు ఇట్టి లౌకికగానము తగదనగా విడిచిపెట్టినది. పాతికేండ్లకు పైగా తీగెను ముట్టలేదు.

ఈ ఘట్టమును తలచుకొన్నప్పుడెల్ల నేనొక క్షణ మాగుదును. దూరదేశపు పల్లెపాటను ఒక స్వరము తప్పకుండ వ్రాసికొను ఆ ఇంటివారు, తమ వంటయింటిలో ఒక వాగ్గేయకారిణి కలదని ఎన్నేండ్లకు తెలిసికొనిరి! వారిని నిందించుటకు నాకు నోరు రాదు. తెలిసిన వెంటనే విని, ముద్రించి, ఆమెను వేదికకు ఎక్కించినవారును వారే. మన ఇండ్లలో అంట్లు తోముచు కూనిరాగము తీయువారి పాట ఎవరిదో, ఎచట నేర్చినదో మనలో ఎందరు అడిగితిమి?

పెగ్గీ అన్న మైక్ సీగర్ ఆమె పాటలను ముద్రింపగా 1958లో ఆమె మొదటి పళ్లెము వెలువడినది. 1960లో స్వార్త్‌మోర్ కళాశాలలో అతనితో కలిసి ఆమె మొదటిసారి సభలో పాడినది. అప్పటికామె వయస్సు అరువదియేడేండ్లు. ఈలోగా ఒక అన్యాయము జరిగినది. పెగ్గీ నోట ఇంగ్లండు చేరిన ‘ఫ్రైట్ ట్రైన్’ పాటను అచట మరి ఇద్దరు తమ పేర నమోదు చేసికొనిరి. 1957లో ఆ పాట ఆ దేశమున మారుమ్రోగినది. తగవు నడచిన తరువాత గాని కాటెన్ పేరు దానికి చేరలేదు. పాటను వినుట వేరు, పాట ఎవరిదని అడుగుట వేరు అని ఆ వ్యవహారమువలన తేలినది.

చార్లెస్ సీగర్ మొదటి భార్య కుమారుడు పీట్ సీగర్. గథ్రీకి మిత్రుడు, సహగాయకుడు. 1955 ఆగస్టులో అమెరికా ప్రతినిధిసభవారి విచారణసంఘము అతని రాజకీయాభిప్రాయములను ప్రశ్నింపగా, అట్టి ప్రశ్నకు సమాధానము చెప్పనని నిరాకరించెను. 1961లో ఒక సంవత్సరపు ఖైదు శిక్ష పడినది. 1962లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ నడుమ టెలివిజనువారు అతనిని దరిచేరనీయలేదు. కళాశాలల విద్యార్థులు, వేసవి శిబిరముల బాలురు, చిన్న ఊళ్లవారు పిలిచి వినిరి. నాటి విద్యార్థులు కొనిన టిక్కెట్టువలననే అతని కుటుంబము నిలిచినదనుట అతిశయోక్తి కాదు.

సీగర్ సభలో ఊరక కూర్చుండుటకు వీలులేదు. పాదమును ముందుగా తాను పలికి, జనముచేత పాడించి, వారి గొంతులపై తాను వేరొక గొంతు కలిపెడివాడు. మన భజనగోష్ఠులలో ముందు పాట, వంత పాట ఎరిగినవారికి ఇది వింతగా తోపదు. 1963 జూను 8న న్యూయార్కు కార్నెగీ హాలులో జరిగిన సభ పళ్లెములో ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ పాట కలదు. అది అతడు కట్టినది కాదు. 1945-46 శీతకాలమున చార్ల్‌స్టన్ పట్టణమున సమ్మె చేసిన పొగాకు కార్మికులు, వారిలో నల్లజాతి స్త్రీలు, చర్చిపాట నొకదానిని తమ కష్టమునకు అనువుగా మార్చి పాడిరి. అది టెనెస్సీలోని హైలాండర్ పాఠశాల మీదుగా సీగర్‌ను చేరినది. ఆ సభ జరిగిన కొన్ని నెలలకే అతడు కుటుంబముతో ప్రపంచయాత్రకు వెడలి మన దేశమునకును వచ్చెను. 1996లో మరల వచ్చెను. ఆ పాటకు హిందీరూపమైన ‘హమ్ హోంగే కామ్యాబ్’ను కూర్చిన కవి గిరిజాకుమార్ మాథుర్ ఆకాశవాణిలో పనిచేసిన కేంద్ర ప్రభుత్వోద్యోగి యనుట మనవారికి ఆనందము కలిగించును. మన పిల్లలు బడిలో నేర్చి ఇంట పాడు ఆ పాట మొదట పొగాకు కర్మాగారపు వాకిట నిలిచినవారిది.

సభాముద్రణలన్నియు సత్యవాక్కులని నమ్మరాదు. జానీ క్యాష్ 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ కారాగారమున ఖైదీల ఎదుట పాడెను. ఆ పళ్లెము జగత్ప్రసిద్ధము. మొదటి పాటలో, చచ్చుట చూచుటకై ఒక మనిషిని కాల్చితినని కథకుడు చెప్పుకొను చోట, ఖైదీలు ఉత్సాహముతో కేకవేసినట్లు వినబడును. ఆ కేక అచట పుట్టలేదు. పిదప ముద్రణశాలలో అతికించినది. కాపలావారి కనుసన్నల కూర్చున్న ఖైదీలు అట్టి మాటకు కేకవేయుటకు తెగింపలేదు. వ్యాపారికి కావలసిన శ్రోత ఒకడు, బెంచీమీద కూర్చున్న శ్రోత వేరొకడు! అదే పళ్లెములో కడపటి పాట ఆ కారాగారములోని ఖైదీ గ్లెన్ షెర్లీ కట్టినది. ముందటి దినముననే క్యాష్ దానిని నేర్చి, ఎదుటి వరుసలో కూర్చున్న షెర్లీకి ముందుగా చెప్పకయే పాడెను. తన పాటను పరుని నోట, అందును క్యాష్ నోట, వినిన ఆ ఖైదీ స్థితిని ఊహించుకొనవచ్చును. 1971లో అతడు విడుదలయ్యెను. క్యాష్ తన బృందమున చేర్చుకొనెను. అయినను జీవితము కుదుటపడక 1978లో ఆత్మహత్య చేసికొనెను. పళ్లెమునకు ఇది తెలియదు.

నాకు మిక్కిలి ప్రియమైన సభాముద్రణ వేరొకటి కలదు. టెక్సస్ రాష్ట్రమున హ్యూస్టను నగరమందు ‘ఓల్డ్ క్వార్టర్’ అను ఇరుకైన పానశాల. 1973 జూలైలో టౌన్స్ వాన్ జాంట్ అచట ఒంటరిగా, గిటారు మాత్రమే తోడుగా పాడిన పాటలు 1977లో జంట పళ్లెములుగా వెలువడినవి. జూలై నెల హ్యూస్టను ఉక్క మన బెజవాడ వారికి చెప్పనక్కరలేదు. జనము క్రిక్కిరిసి యుండిరి. సీసాల గలగల వినబడును. పాట మొదలైన పిదప ఆ గలగల క్రమముగా తగ్గును. వాన్ జాంట్ గొంతు గొప్పది కాదు. గమకములకు అలవడిన మన చెవి మొదట నిరాశ చెందును. ఆలాపన లేదు, నెరవు లేదు. ఒకే వరుస చరణము వెంట చరణముగా తిరుగుచుండును. రెండు మూడు పాటలైన పిదప గాని తెలియదు, ఇచట రాగము చేయవలసిన పనిని మాట చేయుచున్నదని. చరణమునకును చరణమునకును నడుమ అతడు ఎంతసేపు ఆగునో గమనింపవలెను. విషాదగీతమునకు ముందు నవ్వుటాల మాట యొకటి చెప్పి జనమును నవ్వించును. నవ్వు చల్లారకముందే తీగె మీటును. ఆ నవ్వినవారే మరునిమిషమున ఊపిరి బిగబట్టుట వినవచ్చును. ఈ పళ్లెమునుండి మాటలను తొలగించి పాటలను మాత్రము మిగిల్చినచో సగము పోవును.

పానశాలలో మౌనము దానంతట రాదు. కూడు, త్రాగుడు, కబుర్లు అమ్ముడుపోవు చోట పాట ప్రక్కవాద్యమగుట సహజము. ఈ చిక్కును ఎదుర్కొన్న వారిలో నాష్‌విల్ నగరపు ఏమీ కర్లాండ్ ముఖ్యురాలు. ఆమె 1982లో ‘బ్లూబర్డ్ కెఫే’ అను చిన్న భోజనశాలను తెరచెను. తొంబది మంది పట్టు గది. బజారులో నాలుగు దుకాణముల నడుమ నొక దుకాణము. ఆ నగరమున పాటలు కట్టువారు వేలు; వారి పాటలు పాడి పేరు పొందువారు వేరు. 1985లో నలుగురు గీతకర్తలు వేదికను విడిచి, గది నడుమ ఎదురెదురుగా కుర్చీలు వేసికొని, తాము కట్టిన పాటలను వంతులవారీగా పాడిరి. శ్రోతలు వారిచుట్టును, చేయి చాపిన తగులునంత దగ్గరగా, కూర్చుండిరి. ఆ పద్ధతి అచట స్థిరపడి ఇతర నగరములకును ప్రాకినది. మాటలాడువారిని ‘ష్’ అని వారించుట ఆ భోజనశాల నియమము. అది మొగమాటము లేని నియమము. డబ్బిచ్చి తినవచ్చిన వారినే నోరు మూసికొనుడనుట వ్యాపారికి సులభము కాదు. రేడియోలో పరుల గొంతున పదేపదే వినిన పాటను, దానిని కట్టిన ఊరుపేరు లేని మనిషి మెల్లగా పాడుచుండగా వినుటకు జనము ఆ నియమమునకు లోబడిరి. 2008లో కర్లాండ్ ఆ కెఫేను గీతరచయితల సంఘమునకు అప్పగించెను.

మన సంఘపు వార్షికోత్సవములలో జరుగునది మనకు తెలిసినదే. పాడువారు శ్రుతి చేసికొనుచుండగా వెనుక వరుసలలో బదిలీల ముచ్చట్లు, ముందు వరుసలలో ముఖ్యఅతిథి రాకపోకలు, నడుమ ఫలహారపు చీట్ల పంపకము. నేనును ఆ ముచ్చట్లలో పాల్గొన్నవాడనే కనుక ఇంతకుమించి వ్రాయను.

ఎలిజబెత్ కాటెన్ కథ 1960తో ఆగలేదు. ఆమె ఎనుబది దాటిన పిదపను ఊరూర తిరిగి పాడినది. 1983లో వెలువడిన ఆమె సభాముద్రణల పళ్లెమునకు ‘ఎలిజబెత్ కాటెన్ లైవ్’ అని పేరు. అందామె పాటకంటె ముందు మాట మొదలిడును: గిటారు కొన్న వైనము, పసినాటి ఇల్లు. మనుమలకు కథ చెప్పు అవ్వ వలె తొందర లేక చెప్పును. జనము నవ్వవలసిన చోట నవ్వుదురు. తమతోపాటు పాడుడని ఆమె పిలువగా గొంతు కలుపుదురు. తలక్రిందులైన గిటారుపై ఆ వ్రేళ్లు తడబడవు. 1985లో ఆ పళ్లెమునకు గ్రామీ బహుమానము వచ్చినది. అప్పటికామెకు తొంబది రెండేండ్లు. రెండేండ్లకు, 1987 జూను 29న, ఆమె మరణించినది.